దానియేలు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

వెంకటరాజం చెవులకు బట్టల మిల్లులో పేరుంది. మూడు వందల సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారి ఆడే నేత షెడ్డులో పక్క మనిషి అరిచినా వినబడదు. అతను మాత్రం తలుపు దగ్గర నిలబడి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "నాలుగో లైన్ల ఏడో సాంచ. నాడె కొట్టే కర్ర వదులైంది" అని చెప్పేవాడు. పోయి చూస్తే, నూలు కండెను అటూ ఇటూ విసిరే ఆ కర్ర నిజంగానే వదులై ఉండేది. పద్దెనిమిదేళ్ళకు నేతపనిలో చేరినవాడు ముప్ఫై నిండకముందే జాబరు అయ్యాడంటే ఆ చెవులే కారణం. జాబరంటే తన కింద ఉన్న సాంచెలన్నీ ఆగకుండా చూసుకునే మేస్త్రీ. వాళ్ళ నాయన గిర్మాజీపేటలో మగ్గం గుంటలో కూర్చుని నేసినవాడు. ఆయన కొడుకుని చూసి, "నాకు కండ్లు అన్నం పెట్టినయి, వీనికి చెవులు పెడ్తానయి" అనేవాడు.

పందొమ్మిది వందల యాభై ఏడులో నేత విభాగానికి బొంబాయి నుంచి ఒక మాస్టరు, నేత పనంతా చూసే పై అధికారి, వచ్చాడు. ఒకరోజు అతని క్వార్టర్‌లో ఫ్యాను తిరగడం లేదంటే వెంకటరాజాన్ని పిలిపించాడు. ఫ్యాను బాగుచేసి దిగుతుంటే మాస్టరు ఏదో రికార్డు పెట్టాడు. ఫిడేలు. ఫిడేలుని వెంకటరాజం అంతకుముందు హోటల్ రేడియోలో విన్నాడు, పెళ్ళిళ్ళలో మైకుల్లో విన్నాడు. ఆ రోజు విన్నది వేరు. కమాను తీగ మీద ఆనే ముందు ఉండే చిన్న గరుకు, వేలు జరిగినప్పటి సన్నని రాపిడి, వెనక ఎవరో వేస్తున్న కంచు తాళం మోగి మోగి గాలిలో కరిగిపోవడం, అన్నీ వినబడ్డాయి. ఫిడేలు వాయించే మనిషి ఆ గదిలోనే, తెర వెనక కూర్చున్నాడేమో అనిపించింది. స్టూలు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

ఆ యంత్రం ఏ కంపెనీదని అడిగితే మాస్టరు నవ్వి, కొన్నది కాదు, బొంబాయిలో మా తమ్ముడు ఇంట్లో కూర్చుని చేశాడు అన్నాడు. ఇంట్లో చేయొచ్చు అన్న ఆ ఒక్క మాట వెంకటరాజం తలలో పడింది. ఇక పోలేదు.

రెండేళ్ళు ఒంటరిగా తిప్పలు పడ్డాడు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారుకు పోయి మిలిటరీ పాత సామాన్ల కుప్పల్లో వెతికి వాల్వులు, కెపాసిటర్లు తెచ్చేవాడు. కానీ దేనిని దేనికి కలపాలో చెప్పేవాళ్ళు లేరు. పుస్తకాలున్నవి ఇంగ్లీషులో. అతను చదివింది ఉర్దూ, అదీ ఐదో తరగతి.

రాజవ్వకు గడ్డ ఆపరేషనై హనుమకొండ మిషన్ దవాఖానలో పది రోజులున్నప్పుడు దానియేలు పరిచయమయ్యాడు. వెంకటరాజం భార్య రాజవ్వ. దానియేలు ఆ దవాఖానలో కరెంటు పని చూసేవాడు. జనరేటరు, ఎక్స్‌రే మిషను, ఆపరేషన్ గదిలో దీపాలు, అన్నీ అతని చేతి మీదే నడిచేవి. వెంకటరాజం కంటే నాలుగేళ్ళు చిన్న. మిషన్ బడిలో చదివినందువల్ల ఇంగ్లీషు గడగడా చదివేవాడు. వరండాలో విప్పిన రేడియో ముందు కూర్చుని ఉంటే వెంకటరాజం పోయి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తమ్మీ, గీ వాల్వు ఏం పని చేస్తది?"

"చిన్న సప్పుడును పెద్దగ చేస్తదన్నా."

"పెద్దగ చేసుడు కాదు నాక్కావాల్సింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చేయాలె. అట్ల చేసేది ఉంటదా?"

దానియేలు చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి అతని ముఖంలోకి చూశాడు. అలాంటి ప్రశ్న అడిగిన మనిషి అతనికి అప్పటిదాకా తగల్లేదు.

దవాఖాన దొరసాని డాక్టరు చదివి పారేసే పత్రికల్లో శబ్దయంత్రాల పత్రిక ఒకటి ఉండేది. దానియేలు వాటిని ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం, మిషన్ గుడిలో ఆరాధన అయ్యాక, సైకిలు మీద గిర్మాజీపేట వచ్చేవాడు. అతను వాక్యం వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే వెంకటరాజం పలక మీద గీసుకునేవాడు. రాజవ్వ జొన్నరొట్టెలు చేసి పెట్టేది. పది వాట్ల యాంప్లిఫయరు పటం ఒకటి ఎంచుకున్నారు. అల్యూమినియం రేకు కోసి, వంచి, తొలిచి పెట్టె చేసింది వెంకటరాజం. చేతిపని అంతా అతనిదే. లెక్కలు, ఇంగ్లీషు దానియేలువి. చెవులు మాత్రం వెంకటరాజానివని ఇద్దరూ ఒప్పుకున్నారు. పాత రేడియోలో వేసి చూసేటప్పుడు ఏ కెపాసిటరు మారిస్తే స్వరం ఎలా మారిందో దానియేలు చెప్పబోయి, "నువ్వే చెప్పన్నా, నాకు అంత తెలుస్తలేదు" అనేవాడు.

అన్నీ అయినా ఒక్క వస్తువు మిగిలింది. వాల్వుల నుంచి వచ్చే శబ్దాన్ని స్పీకరుకు అందించే ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని చుట్టడంలోనే ఉంది కిటుకంతా. రాగితీగను వేల చుట్లు చుట్టాలి. ఒక్క కుప్పగా చుడితే లావు స్వరాలు మాత్రమే దాటుతాయి, సన్నని పై స్వరాలు అందులోనే చచ్చిపోతాయి. అందుకని తీగను భాగాలుగా విడదీసి, ఒక భాగం మీద ఇంకో భాగం, మధ్యలో పలుచని కాగితం వేస్తూ, పొరలు పొరలుగా చుట్టాలి. రేడియోల్లో వేసేవి ఆ పనికి రావు.

"నేను చుడ్తన్నా," అన్నాడు దానియేలు.

చుట్టడానికి మూడు నెలలు పట్టింది. కుట్టుమిషను చక్రంతో చేతియంత్రం ఒకటి చేసుకున్నాడు. చుట్లు లెక్కపెట్టడానికి సైకిలు మీటరు ఒకటి దానికి బిగించాడు. వెంట్రుకంత తీగ. రెండుసార్లు సగంలో తెగితే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అతని భార్య ప్రమీల మిషన్ బడిలో పంతులమ్మ. ఆమె పక్కన కూర్చుని పొర పొరకూ మైనం కాగితం కత్తిరించి ఇచ్చేది. పందొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో, కొత్త గుడ్డలో చుట్టిన ఆ బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌ను సైకిలు బుట్టలో పెట్టుకుని ఇద్దరూ గిర్మాజీపేట వచ్చారు.

వెంకటరాజం దాన్ని బిగించి, తీగలు అతికి, స్విచ్చి వేశాడు. మాస్టరు ఇంట్లో విన్న ఆ ఫిడేలు రికార్డునే తనూ దానియేలూ కలిసి కొనుక్కున్నారు, అది పెట్టాడు.

దానియేలుకు ఒళ్ళు ఝల్లుమంది. ప్రమీల రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని, "అన్నా, మనిషి ఊపిరి తీసుకున్నది సుత ఇనొస్తాంది" అంది.

వెంకటరాజం ముఖంలో ఏ వెలుగూ రాలేదు. స్పీకరు దగ్గరకు వంగాడు. లేచాడు. గది ఆ మూలకు పోయి నిలబడ్డాడు.

"దుప్పటి కప్పినట్టున్నది," అన్నాడు.

"ఏందన్నా?"

"ఫిడేలు మీద దుప్పటి కప్పినట్టున్నది. కమాను గరుకు ఏది? తాళం ఏది? ఆ రోజు మాస్టరు ఇంట్ల నేను విన్నది గిది కాదు."

దానియేలు మళ్ళీ విన్నాడు. తాళం స్పష్టంగా ఉంది, ప్రతి దెబ్బా. "ఉన్నది కదన్నా, గిదిగో, గిదిగో," అని వేలితో గాలిలో చూపించాడు. వెంకటరాజం తల అడ్డంగా ఊపాడు. "నీకు తెల్వది తియ్," అన్నాడు. ఎప్పుడూ దానియేలే అనే మాట అది. అతను అంటే వేరేగా వినబడింది.

ఆ తర్వాత ఆదివారాలు రెండు, దానియేలు వచ్చి ఊరికే కూర్చున్నాడు. ఒకసారి వెంకటరాజం వెనక నిలబడి మెల్లగా ఏదో అన్నాడు, వెంకటరాజం తిరగలేదు. పోయేటప్పుడు వంటింటి గడప దగ్గర రాజవ్వతో చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. వెంకటరాజం చూశాడు గానీ పట్టించుకోలేదు. అతనికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. పై స్వరాలను లేపడానికి యాంప్లిఫయరులో ఒకచోట కెపాసిటరు మార్చాడు. చాలలేదు. ఇంకోచోట మార్చాడు. పక్కింటి లచ్చవ్వ ఒకరోజు గోడ మీద నుంచి, "రాజవ్వా, మీ ఇంట్ల గేం సప్పుడే? చెవుల్ల సూదులు గుచ్చినట్టున్నది" అని అరిచింది. వెంకటరాజం నవ్వాడు. ఆమెకేం తెలుసు.

ఆలోచిస్తున్న కొద్దీ అతనికి ఒకటే తోచింది. దానియేలు పొరలు పొరలుగా చుట్టలేదు. రెండుసార్లు తీగ తెగిందన్నాడు కదా, మూడోసారి ఓపిక చాలక ఒక్క కుప్పగా చుట్టి పైన బాగా కనబడేలా కాగితం వేశాడు. విప్పితే గానీ తెలియదు, విప్పితే పాడైపోతుంది. అందుకే ధైర్యం చేశాడు.

హనుమకొండలో సుందర్ రావు అని వకీలు ఉండేవాడు. దానియేలు వాళ్ళ గుడిలో పెద్దమనిషి, సంగీతమంటే ప్రాణం, రికార్డులు బీరువా నిండా ఉండేవి. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన హాల్లో నలుగురైదుగురు చేరి పాటలు వినేవారు. కొత్తగా వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే ఒక యువ లెక్చరరు కూడా వచ్చేవాడు, కృష్ణా జిల్లా మనిషి. కాలేజీ ప్రయోగశాలకు మెకానిక్ కావాలని ఆ లెక్చరరు వెతుకుతున్నాడు. సుందర్ రావు దానియేలు పేరు చెప్పాడు. దవాఖానలో దానియేలుది ఏడాదికోసారి పొడిగించే పని. ఇది సర్కారు ఉద్యోగం, పింఛను ఉంటుంది. "మీరు చేసిన యాంప్లిఫయర్ తీసుకురండి, విని, చూసి, అక్కడికక్కడే మాట్లాడుకుందాం" అన్నాడు లెక్చరరు.

ఆగస్టు నెల ఆదివారం ఒకటి. యాంప్లిఫయరును, స్పీకరు పెట్టెను రిక్షాలో పెట్టుకుని వెంకటరాజం వచ్చాడు. దానియేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చి ఉన్నాడు. రికార్డు మొదలైంది. రెండు నిమిషాలకు సుందర్ రావు కుర్చీ వెనక్కు జరుపుకున్నాడు. ఒకాయన చెవి నలుపుకున్నాడు. లెక్చరరు మొహమాటంగా, "కొంచెం... గీ పెడుతోంది కదండీ?" అన్నాడు.

దానియేలు లేచి, "రాజమన్నా, నువ్వు మార్చినయి తీసేసి ఒక్కసారి పెడ్దాం. అసలు పటం ఎట్లున్నదో అట్ల," అన్నాడు.

వెంకటరాజానికి తిక్క లేచింది. ఆరేళ్ళ ఆశ. మిల్లులో అందరూ ఎదురుచూస్తున్నారు. ఇక్కడ ఇంతమంది ముందు తన పనికి వంక పెడుతున్నాడు.

"నేను మార్చింది ఎందుకో నువ్వు చెప్పు," అన్నాడు. గొంతు పెద్దది, మిల్లు మనిషి, మామూలుగానే పెద్దగా మాట్లాడతాడు. "నీ ట్రాన్స్‌ఫార్మర్ల పై స్వరాలు చచ్చిపోతానయి గనక మార్చిన. నువ్వు పొరలేసి చుట్టలె. ఒక్క కుప్ప చుట్టి పైన కాగితం కప్పినవ్. నాకు తెల్వదనుకున్నవా? మూడు వందల సాంచెల్ల ఒక్క సాంచ తప్పును పట్టెటోన్ని నేను. దగ చేసినవ్ నువ్వు."

దానియేలు ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. నోరు తెరిచాడు. వెంకటరాజం చెవుల వైపు ఒక్కసారి చూశాడు. ఏదో అనబోయి ఆపుకున్నాడు.

"నేను సరిగనే చుట్టిన," అన్నాడు చివరికి. అంతే. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సంజాయిషీ చెప్పుకోకుండా పోయాడంటే తప్పు చేసినట్టేనని అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. లెక్చరరు సుందర్ రావుతో, "పరికరాల దగ్గర నమ్మకం ముఖ్యం కదండీ," అన్నాడు. సుందర్ రావు కాదనలేదు. నెల తిరగకముందే ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరారు.

ఆ సంగతి మిల్లు గేటు దగ్గర ఎవరో చెబితే వెంకటరాజం విన్నాడు. బాధపడలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో తృప్తి కూడా పడ్డాడు. చేసినదానికి తగినట్టు అయిందనుకున్నాడు. దానియేలు మళ్ళీ గిర్మాజీపేటకు రాలేదు. రాజవ్వ మాత్రం ఆ వార్త విన్న రోజు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. ఏమైందంటే, "కడుపుల మంచిగ లేదు" అంది.

వెంకటరాజం బొంబాయి మాస్టరుకు చెప్పి, అక్కడి కంపెనీది అసలైన ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించాడు. ఐదు నెలలకు వచ్చింది. తను చేర్చిన కెపాసిటర్లన్నీ తీసేసి, పత్రికలో ఉన్న పటం ప్రకారమే మళ్ళీ అతికాడు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించి రికార్డు పెట్టాడు.

అదే దుప్పటి.

మొదట నమ్మలేదు. బొంబాయివాడు కూడా దగా చేశాడా అనుకున్నాడు. ఇక అనుమానం తీరే దారి ఒక్కటే కనబడింది. కాలేజీలో కొలిచే యంత్రాలుంటాయి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ పట్టుకుని, యాంప్లిఫయరు ఎత్తుకుని, మొదటి షిఫ్టు దిగి లెక్చరరు దగ్గరికి పోయాడు. దానియేలు చుట్టినదాని గుట్టు కాగితం మీద తేల్చి తీసుకురావాలని అతని పట్టుదల.

లెక్చరరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. బల్ల మీద ఒక యంత్రం ఉంది. దాని చక్రం తిప్పితే లావు స్వరం నుంచి అతి సన్నని స్వరం దాకా ఏది కావాలంటే అది పలుకుతుంది. స్పీకరు దగ్గర ఒక మీటరు తగిలించాడు. శబ్దం వస్తున్నంతసేపూ ముల్లు నిలబడి ఉంటుంది, తగ్గితే పడిపోతుంది అని వివరించాడు. ముందు దానియేలు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు.

చక్రం తిరిగింది. బొంగురు మోత సన్నబడింది, ఈలలా మారింది, ఈల ఇంకా సన్నబడింది, సన్నబడి, సన్నబడి, పోయింది.

"చూడుర్రి సార్," అని వెంకటరాజం గబుక్కున లేచాడు. "ఆగిపోయింది. నేను చెప్పలేదా? సరిగ్గ గిక్కన్నే చచ్చిపోతాంది."

లెక్చరరు చెయ్యి చక్రం మీద ఆగింది. గది చివర సీసాలు తుడుస్తున్న ప్యూను రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ముఖం చిట్లించుకున్నాడు.

"ఆగలేదండీ," అన్నాడు లెక్చరరు మెల్లగా.

వెంకటరాజం అతని పెదవుల వైపు చూశాడు. తర్వాత మీటరు వైపు చూశాడు. ముల్లు నిటారుగా నిలబడి ఉంది. లెక్చరరు చక్రం ఇంకా తిప్పాడు. ముల్లు కదల్లేదు. గదిలో వెంకటరాజానికి కిటికీ అవతల లారీ పోతున్న మోత తప్ప ఏమీ వినబడలేదు. లెక్చరరు స్విచ్చి కట్టేయగానే ప్యూను చెవుల్లోంచి వేళ్ళు తీసి ఊపిరి వదిలాడు.

బొంబాయి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కూడా చూశారు. దాని ముల్లు పైన కొంచెం ముందే వాలింది. దానియేలు చుట్టిందే మేలు.

"మీరు ఎక్కడ పనిచేస్తారన్నారు?"

"నేత షెడ్డుల."

"ఎన్నేళ్ళుగా?"

"ఇరవై ఏండ్ల సంది."

లెక్చరరు తల ఊపి, మీటరు తీగలు విప్పడం మొదలుపెట్టాడు. ఆ మూడు వందల సాంచెల్లో సాంచె తప్పును ఎలా పట్టేవాడో వెంకటరాజానికి అప్పుడు అర్థమైంది. కొన్నేళ్ళుగా అతను ఆ తప్పును పట్టుకుంటున్నది చెవితో కాదు. నేలలోంచి అరికాళ్ళకు ఎక్కే అదురుతో పట్టుకుంటున్నాడు. చెవులు ఎప్పుడు పోయాయో అతనికే తెలియదు.

ఇంటికి పోయేసరికి రాజవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. యాంప్లిఫయరు దించి ఆమె ముందు కూర్చున్నాడు.

"నాకు చెవులు ఇనబడ్తలెవ్వని నీకు ఎరికేనా?"

ఆమె చేట ఆపింది. "ఎరికే."

"ఎన్నొద్దుల సంది?"

"నాలుగేండ్లు దాటింది. పిట్టలు ఒర్రుతే నీకు ఇనబడది. నేను మెల్లగ మాట్లాడితే నా మూతి దిక్కు చూస్తవు."

"మరి దానియేలు?"

"ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన వారమే కనిపెట్టిండు. నన్ను అడిగిండు, అన్నకు చెప్దామా వదినె అని. నేనే వద్దన్న. ఒట్టు పెట్టించుకున్న."

"ఎందుకే?" అని అరిచాడు.

"చెప్తే ఏం చేస్తవ్? మిల్లు ఇడిసిపెడ్తవా? ఇడిసిపెడ్తే తినుడెట్ల? ఇడిసిపెట్టకపోతే గా డబ్బ ముంగట ఏం మొఖం పెట్టుకుని కూసుంటవ్? నీకు అదొక్కటే ఉండె." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గాయిన మీద నువ్వు గట్ల పడ్తవని నాకేమెరిక."

"ఉద్యోగం పోయిననాడన్న చెప్పకపోతివి."

"భయమైంది," అంది రాజవ్వ.

మరునాడే దానియేలు ఇంటికి పోయాడు. ప్రమీల తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. దానియేలు లోపల నుంచి వచ్చి గడప మీద నిలబడ్డాడు. చిక్కిపోయాడు.

వెంకటరాజం జరిగిందంతా చెప్పాడు. కాలేజీ, మీటరు, ముల్లు, రాజవ్వ చెప్పింది. చెప్పి, "తప్పయింది తమ్మీ. నీ కాళ్ళు పట్టుకుంట," అని వంగబోయాడు. దానియేలు వెనక్కు జరిగాడు.

"మీటరు చెప్తే గాని నమ్మబుద్ధి కాలేదా అన్నా?" అంది ప్రమీల. "మూడు నెలలు నేను కాగితాలు కత్తిరిచ్చి ఇచ్చిన. పొర పొర నా చేతి మీదికెళ్ళి పోయింది. నన్నడుగుతే చెప్పకపోదునా? ఒక్క మాట అడగకపోతివి."

"వకీలు సాబ్‌కు, ఆనాడు హాల్ల ఉన్నోళ్ళకు నేనే పోయి చెప్త. అందరికి చెప్త."

"చెప్పు," అన్నాడు దానియేలు. అతను వెంకటరాజానికి అర్థమయ్యేలా, ముఖానికి ఎదురుగా, పెదవులు తెరిచి మాట్లాడాడు. తన చెవుడు చూసే అలా మాట్లాడుతున్నాడని ఇప్పుడు తెలిసిన వెంకటరాజానికి అది దెబ్బలా తగిలింది. "చెప్తే ఏమైతది? ఆ పోస్టుల మనిషి చేరి ఆరు నెలలాయె. అన్నా, నేను మంచోన్ని అనుకోకు. ఆ రోజు ఒక్క మాట అంటే అయిపోయేది. ఈయనకు చెవుడు అని అంటే నేను గెల్చేటోన్ని. వదినెకిచ్చిన మాట యాదికొచ్చింది, నిన్ను చూస్తే పాపం అనిపించింది. మింగిన. కని ఆ రోజు సంది రోజు అనుకుంటాన, అనాల్సి ఉండె అని. అందరి ముందట అనాల్సి ఉండె."

"అంటే బాగుండు తమ్మీ."

"నా ట్రాన్స్‌ఫార్మర్ నాకు ఇచ్చెయ్," అన్నాడు దానియేలు.

వెంకటరాజం ఆ సాయంత్రమే తెచ్చి ఇచ్చాడు. ప్రమీల అందుకుని తలుపు వేసింది.

సుందర్ రావుకు నిజం చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, "అరెరె, పాపం," అన్నాడు. తర్వాత యాంప్లిఫయరు సంగతి ఎత్తి, "ఇగ నీకు దాంతోని పనేమున్నది రాజం, నాకు ఇయ్యరాదు?" అని అడిగాడు. వెంకటరాజం ఇచ్చేశాడు. బొంబాయి ట్రాన్స్‌ఫార్మర్‌తో అది చక్కగా పాడింది. ఆదివారాలు వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే సుందర్ రావు, "మొదట ఇక్కడోడు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండె, గీ పెట్టేది. బొంబాయి సరుకు వేసినంక చూడుర్రి" అనేవాడు. అబద్ధమని ఆయనకు తెలియక కాదు. అలా చెబితే కథ బాగుండేది. వెంకటరాజం ఒకసారి పోయి, అట్ల అనొద్దు సాబ్ అని బతిమాలాడు. సరేనన్నాడు ఆయన. మళ్ళీ అలాగే అన్నాడు.

మిల్లులో గోదాముకు మార్చమని వెంకటరాజం అర్జీ పెట్టుకున్నాడు. గోదాములో ఖాళీ లేదన్నారు. రోజూ అదే షెడ్డుకు పోయాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాడు, ఇప్పుడు దేనికని తోటివాళ్ళు నవ్వినా.

ఆ ఏడాది చివర దవాఖానవాళ్ళు దానియేలు పని పొడిగించలేదు. అతను నర్సంపేటకు పోయి రైతుల బావి మోటార్లు కాలిపోతే తీగ చుట్టి ఇచ్చే దుకాణం పెట్టుకున్నాడని తెలిసింది. ప్రమీల బడి కోసం ఇక్కడే ఉండిపోయింది. ఆదివారాలు అతనే వచ్చిపోయేవాడు.

అరవై ఏడులో, ఎండలు ముదిరే రోజుల్లో, వెంకటరాజం రాజవ్వ చెల్లెల్ని బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాడు. నర్సంపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన దానియేలు. జుట్టు సగం నెరిసింది. చేతి వేళ్ళు వార్నీషుతో గోధుమరంగుకు తిరిగాయి. ఇద్దరి చూపులూ కలిశాయి. తప్పించుకుని పోదామనుకున్నాడు వెంకటరాజం, కాళ్ళు ఆ కిటికీ దగ్గరికే తీసుకుపోయాయి.

"మంచిగున్నవా తమ్మీ?"

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. బస్సు నిలువెల్లా అదిరింది. పక్కన ఇంకో బస్సు హారను కొడుతోంది. దానియేలు కిటికీ చువ్వ పట్టుకుని ఏదో అన్నాడు. ఒక మాట కాదు, రెండు మూడు మాటలు. అంటున్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు, అతని ముఖంలోకి చూడటం కష్టమైనట్టు. పెదవులు కనబడలేదు.

మళ్ళీ చెప్పమని అడగొచ్చు. 'ఏమన్నవ్ తమ్మీ, ఇనబడలె' అనొచ్చు. నోటి దాకా వచ్చింది. కానీ ఏ చెవుల మీది గర్వంతో అతన్ని ముంచాడో ఆ చెవులు పనిచేయవని ఆ మనిషి ఎదుటే మళ్ళీ ఒప్పుకుని, రెండోసారి చెప్పమని అడగడానికి నోరు రాలేదు. వెంకటరాజం తల ఊపాడు. విన్నట్టే ఊపాడు.

దానియేలు అతని వైపు తిరిగి, ఆ తల ఊపడాన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత చువ్వ వదిలేసి సీటులోకి వెనక్కు వాలాడు. బస్సు కదిలింది.

క్షమించానన్నాడో, ఇక కనబడకన్నాడో, ఊరికే ఎండల గురించి అన్నాడో వెంకటరాజానికి తెలియలేదు. రాజవ్వ చెల్లెల్ని అడిగాడు, ఆయన ఏమన్నాడో నీకు వినబడిందా అని. ఆమె మూటలు చూసుకుంటోంది. "ఎవలు బావా?" అంది.